రెండు బారల గుర్తు

శనివారం మధ్యాహ్నం పట్టాభిగారు చేతిలో గోనెసంచితో తమ వరండా మెట్లెక్కి వస్తుంటే చూసి రోజమ్మ సంతోషించింది. ఆ సంతోషం సంచి మూతి విప్పేదాకానే నిలిచింది.

బ్యాంకులో అంత పెద్ద ఆఫీసరు కలకత్తా మెటియాబ్రుజ్ సందుల్లో ఆటోలనూ బట్టల మూటలనూ తప్పించుకుంటూ తమ ఇంటికి రావడమంటే మాటలు కాదు. ఒకే వరండాలో ఉన్న ఏడు గదుల వాళ్లూ తలుపుల్లోంచి తొంగిచూశారు. రోజమ్మ ఒళ్లో ఉన్న చొక్కాల కట్ట పక్కనపెట్టి, గుండీలు కుడుతున్న సూదిని అలవాటుగా జాకెట్టుకి గుచ్చుకుని, కుర్చీ కొంగుతో తుడిచి వేసింది.

పట్టాభి రాజమండ్రి మనిషి. ఖిదిర్‌పూర్ బ్రాంచికి బదిలీ మీద వచ్చి రెండేళ్లయింది. మనిషి బంగారమే గాని ఒక పిచ్చి ఉంది. ఓడలు నడపడానికి వెనకటివాళ్లు వాడిన సామాను ఏది కనబడ్డా కొనకుండా ఉండలేడు. పాత ఓడల్ని విరగ్గొట్టి అమ్మే తుక్కు దుకాణాలన్నీ ఆయనకి తెలుసు. ఆదివారం పూట అందరూ మాంసం కొట్టు దగ్గరుంటే ఆయన వేలంపాట దగ్గరుంటాడు. సూర్యుడి ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్లు, పెట్టెల్లో ఊగే దిక్సూచులు, బారెడు పొడుగు దుర్భిణులు, ఓడ ఎన్ని మైళ్లు నడిచిందో చెప్పే ఇత్తడి మరలు, అన్నీ కలిసి ఆయన క్వార్టరులో మంచాల కిందా బీరువాల మీదా చేరాయి. "మా ఇంట్లో దిక్సూచులు తొమ్మిదున్నాయి. అయినా ఈయనకి వంటింటి దారి తెలీదు" అని ఆయన భార్య జ్ఞానప్రసూన కలకత్తాలో కనబడిన ప్రతి తెలుగువాడికీ చెప్పింది.

రోజమ్మ మొగుడు యేసురత్నంతో ఆయన స్నేహం పెన్షను రోజున కలిసింది. వోచరు మీద తెలుగు సంతకం చూసి ఎవరా అని గదిలోకి పిలిపించాడు. ఆయన భీమిలి మనిషని, ముప్పై ఏళ్లు హుగ్లీ నదిలో ఓడల మీద లోతు చూశాడని తెలిశాక ఇక వదల్లేదు. ప్రతి నెలా ఒకటో తారీకున బ్యాంకు గదిలో నది గురించి గంటసేపు కబుర్లు. బయట క్యూలో ఉన్న వాళ్లు ఏమనుకునేవాళ్లో వాళ్లకే తెలియాలి.

ఆ గోనెసంచిలోంచి ఇవాళ వచ్చింది ఇత్తడి సామాను కాదు. చుట్టలు చుట్టిన ఒక మురికి నూలు తాడు, దాని కొసన మూరెడు పొడుగు సీసపు గుండు. సీసం మీద మేకుతో గీసిన రెండు తెలుగు అక్షరాలు, "యే. ర." అని. తాడుకి దారంతో ఒక అట్టముక్క చీటీ కట్టి ఉంది.

రోజమ్మ గుర్తుపట్టింది. ఆ తాడుకి కుట్టిన తోలు పేలికలు తన చేత్తో కుట్టినవే.

"యేసురత్నంగారూ, చూడండి ఎవరొచ్చారో!" అంటూ పట్టాభి గుండుని రెండు చేతుల్తో ఎత్తి చూపించాడు. "పనికిరాని సామానని రేవువాళ్లు గోదాము మొత్తం వేలం వేశారు. నేను దుర్భిణి కోసం వెళ్లాను. అడుగున ఇది! చీటీ మీద ఓడ పేరూ ఏడాదీ ఉన్నాయి, పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిది. మీ తాడే కదండీ?"

యేసురత్నం చొక్కా గుండీలు పెట్టుకుంటూ గదిలోంచి వచ్చాడు. ఆరడుగుల మనిషి, అరవై ఆరేళ్లొచ్చినా భుజాలు వంగలేదు. గుండుని అందుకుని అక్షరాల మీద బొటనవేలితో రుద్దాడు. "నాదే బాబూ" అన్నాడు.

"విచారణలో దొరకలేదన్న తాడు ఇదే! అప్పుడు దొరికుంటే మీ సంగతి తేలిపోయేది. పోనీండి, ఇప్పుడు తేలుస్తాం. స్టీలు టేపు తెచ్చాను. రెండు బారల గుర్తు సరిగ్గా పన్నెండు అడుగుల దగ్గరుందనుకోండి, తప్పు మీది కాదు, ఇసకదే అని రుజువైనట్టే. మీ ఆఫీసుకి ఉత్తరం నేనే రాస్తాను."

పట్టాభి మొహం వెలిగిపోతోంది. ఒక మంచిపని చెయ్యబోతున్న మనిషిని ఆపడం ఎంత కష్టమో రోజమ్మకి ఆ క్షణంలో తెలిసింది.

"ఇప్పుడెందుకు బాబూ అవన్నీ? ఎండనపడి వొచ్చేరు, ముందు కూకోండి, కొంచెం టీ తాగండి" అంది.

"టీ ఎక్కడికి పోతుందమ్మా!" అని పట్టాభి టేపు బయటికి లాగాడు.

ఇక్కడ పన్నెండేళ్ల కిందటి సంగతి చెప్పాలి. నదిలో లోతు చూసేవాడు ఓడ ముందు అంచున నిలబడి, గుండు కట్టిన తాడుని ఊపి ముందుకి విసురుతాడు. గుండు అడుగు తాకగానే నీటిమట్టం దగ్గర ఏ గుర్తు ఉందో చూసి కేకవేస్తాడు. గుర్తులంటే తాడుకి కుట్టిన ముక్కలు. రెండు బారల దగ్గర రెండు తోలు పేలికలు, మూడు బారల దగ్గర మూడు, అయిదు దగ్గర తెల్లగుడ్డ, ఏడు దగ్గర ఎర్రగుడ్డ. చీకటి పడితే వాటిని పెదవులకి తాకించి తోలో గుడ్డో పోల్చుకునేవాడు యేసురత్నం. హుగ్లీని నమ్మడానికి లేదు. నిన్న నీళ్లున్నచోట ఇవాళ ఇసకమేట. అలాంటి నదిలో ఆయన కేక విని ఓడ నడిపే సరంగు మారుమాట లేకుండా చుక్కాని తిప్పేవాడు.

తాడు మార్చినప్పుడల్లా ఇంటికి తెచ్చేవాడు. చన్నీళ్లలో తడిపి, లాగి, బారలు కొలిచి ఆయన సున్నం చుక్కలు పెట్టేవాడు. ఆ చుక్కల దగ్గర రోజమ్మ పేలికలు కుట్టేది. ఆ ఏడు నవంబరులో కొత్త తాడుకి గుర్తులు కుట్టడం అయ్యాక చూస్తే, నేలమీద పడి దొర్లి తాడంతా మట్టికొట్టుకుపోయింది. ఆవిడకి మనసొప్పలేదు. మొగుడి చొక్కా మల్లెపువ్వులా వెళ్తుంటే చేతిలో తాడు అంట్లగుడ్డలా వెళ్లడమేమిటి? దుప్పట్లతో పాటు దాన్నీ సోడా నీళ్లలో మరగబెట్టింది, ఉతికింది, చిక్కటి గంజిలో ముంచి, ఇంత నీలిమందు కూడా కలిపి ఆరేసింది. భీమిలి ఆడవాళ్లకి గంజి పెట్టనిది బట్టే కాదు. సోమవారం పొద్దున్న ఆ తాడు చూసి యేసురత్నం మురిసిపోయాడు.

ఆ సోమవారమే నదిలో దారి గుర్తుగా తేలే బోయాలు మోసుకెళ్లే ఓడ డైమండ్ హార్బరు దిగువన ఇసకమేట ఎక్కింది. దానికి పదకొండున్నర అడుగుల నీళ్లు కావాలి. యేసురత్నం "రెండు బారలు" అని కేకవేశాడు, అంటే పన్నెండు అడుగులు. సరంగు ముందుకి నడిపాడు. ఓడ ఆగిపోయింది. అంతలో పోటు తీసింది. నీళ్లు వెనక్కిపోయి ఓడ పక్కకి ఒరిగి నడుం విరిగింది. దేవుడి దయవల్ల మనుషులెవరూ పోలేదు. తాడు మాత్రం ఎక్కడో సామాన్ల కింద పడిపోయి, ఓడని ముక్కలు చేసినప్పుడు గాని బయటపడలేదు. అప్పటికి విచారణ అయిపోయింది, ఎవరో చీటీ కట్టి గోదాములో పడేశారు.

విచారణలో ఒకటే ప్రశ్న. లోతు చూసేవాడు రోజూ పొద్దున్నే తాడు తడిపి, జెట్టీ పలకలో బారకొకటి చొప్పున కొట్టిన ఇత్తడి మేకుల పక్కన పరచి సరిచూసుకోవాలి. అది నియమం. ఆ పొద్దున్న చూశావా? చూశానన్నాడు యేసురత్నం. అడక్కుండానే జేబులోంచి కొత్త నిబంధన తీసి దానిమీద చెయ్యి పెట్టి మరీ చెప్పాడు. తప్పు మనిషిదో నదిదో తేల్చలేక, ఎందుకైనా మంచిదని ఆయన్ని లోతుపని తప్పించి తుప్పు గీకే పనిలో వేశారు. రిటైరయ్యేదాకా అదే పని.

జీతం తగ్గాక రోజమ్మ దర్జీల దగ్గర గుండీలు కుట్టే పనికి కుదిరింది. మూడోనెలలో ఒకరోజు దుకాణం పెద్ద ఎవరినో తిడుతున్నాడు, తడపని కొత్త నూలుబట్ట కత్తిరించినందుకు. "మరుగునీళ్లు తగిల్తే గజానికి రెండంగుళాలు పోతుంది, తెలీదా?" రోజమ్మ చేతిలో గుండీల డబ్బా కిందపడింది. గుండీలన్నీ ఏరేసరికి ఆవిడకి సంగతంతా అర్థమైపోయింది.

ఆ రోజే చెప్పాల్సింది. సాయంత్రం చెబుదామనుకుంది, ఆయన అరచేతుల నిండా తుప్పు గీకిన పుళ్లు చూసి నోరు పెగల్లేదు. పండగ వెళ్లాక అనుకుంది. అలా పన్నెండు క్రిస్మసులు వెళ్లిపోయాయి. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి. ఖిదిర్‌పూర్ తెలుగు చర్చిలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల రొట్టె ఇచ్చే వేళకి యేసురత్నం లేచి బయటికి వెళ్లిపోతాడు. విచారణ అయిన నెల నుంచీ అంతే. పాస్టరు అయ్యగారు అడిగారు, సంఘపెద్దలు అడిగారు, తలొంచుకునేవాడే గాని జవాబు లేదు. చెయ్యని తప్పుకి శిక్షపడిందని దేవుడి మీద అలిగాడని రోజమ్మ అనుకుంది. మొగుడి పనీ తన వల్లే పోయింది, మొగుణ్ణి దేవుడికి దూరం చేసిందీ తనే. ఇప్పుడు ఆ తాడు కొలిస్తే పొట్టిదని తేలుతుంది. ఎందుకు పొట్టిదయిందో ఆయన ఇట్టే పోల్చుకుంటాడు.

"పొడితాడు కొలవకూడదు బాబూ" అన్నాడు యేసురత్నం నెమ్మదిగా. "నానాలి. గంటసేపైనా నానాలి."

"అదీ! అలాంటివి మీరు చెప్పాలి, మేం రాసుకోవాలి" అన్నాడు పట్టాభి.

"అందాకా మనం అలగ రేవుదాకా వెళ్లి చా తాగొద్దాం. రోజమ్మా, బకెట్లో ముంచి ఉంచు."

తన మాట గెలిచే రోజు వచ్చిందంటే మొగుడు ఎగిరి గంతేస్తాడనుకుంది ఆవిడ. ఆయన మొహంలో సంతోషమేమీ లేదు. ముసలితనంలో సంతోషం కూడా అలాగే ఉంటుంది కాబోలనుకుంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లారు.

కరెంటు పోయింది, పక్క గదుల రేడియోలు ఆగాయి. రోజమ్మ బకెట్టు ముందు కూర్చుని తాడు నానడం చూస్తూ కాసేపు గడిపింది. తరవాత లేచి దర్జీ టేపు తెచ్చి, గుండు అడుగు నుంచి రెండు పేలికల దాకా అంగుళం అంగుళం కొలిచింది. నూట నలభై నాలుగు అంగుళాలుండాలి. నూట ముప్పై ఆరు వచ్చాయి. తాడుని కాలితో తొక్కిపెట్టి శక్తికొద్దీ లాగి మళ్లీ కొలిచింది. నూట ముప్పై ఆరే. పన్నెండేళ్లుగా తెలిసిన సంగతే అయినా, అంకె కళ్లపడేసరికి ఏడుపొచ్చింది.

చెయ్యి దానంతటదే జాకెట్టుకున్న సూది మీదికి వెళ్లింది. రెండు పేలికలు. విప్పి ఎనిమిదంగుళాలు అవతల కుట్టడం ఎంతసేపు? రోజుకి నాలుగు వందల గుండీలు కుట్టే చెయ్యి అది. కుట్టేస్తే తాడు సరైనదవుతుంది, యేసురత్నం మాట నిజమవుతుంది, ఆఫీసుకి ఉత్తరం వెళ్తుంది, ఆయన అలక తీరి ప్రభువు బల్ల దగ్గర మోకరిస్తాడు. ఎవరికీ నష్టం లేదు. దేవుడు చూస్తాడు నిజమే, కానీ ఆయన ఇప్పటిదాకా చూసినవాటి ముందు ఇదెంత?

ఒక పేలిక కుట్టు విప్పింది. ఊడొచ్చిన తోలుముక్కని ఒళ్లో పెట్టుకుని రెండోదాని కింద సూది మొన దూర్చింది.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ఒక్క మనిషి అడుగులు, గబగబా. యేసురత్నం రొప్పుతూ వరండాలోకి వచ్చి ఆవిణ్ణి చూసి ఆగిపోయాడు.

"ఏటి చేస్తన్నావు?"

రోజమ్మ సూది వెనక్కి లాగింది. "బాబుగారేరి?"

"మిఠాయి కొంటానని ఆగేరు. ఎర్రజెండాల ఊరేగింపొచ్చింది, రోడ్డుకవతల చిక్కడిపోయేరు. ఏటి చేస్తన్నావని అడుగుతన్నాను."

ఇంక దాచడానికి ఏమీ లేదు. సూది చేతిలో, తోలుముక్క ఒళ్లో, తాడు కాళ్ల మీద.

"నేను పాడుచేసేను మావా" అంది. "నేనుతికేను. మరిగే సోడాలో వేసేను, గంజి పెట్టేను. ముడుచుకుపోయింది. నాకప్పుడు తెల్దు, మూణ్నెల్లకి దర్జీ కొట్లో తెలిసింది. అప్పుడైనా చెప్పలేదు. నీ నోటికాడ ముద్ద లాగేసి, పన్నెండేళ్లు నీ పక్కన కూకుని తిన్నాను. నదిది తప్పు కాదు. నీది కాదు. నాది."

యేసురత్నం గోడకానుకుని కింద కూర్చున్నాడు. ఆవిడ కాళ్ల మీది తాడుని వేలితో తాకి చూశాడు.

"ఎంత తగ్గింది?"

"ఎనిమిదంగుళాలు."

"అయితే పదకొండు అడుగుల నాలుగంగుళాలు" అన్నాడు తనలో తాను. "రెండంగుళాల్లో పోయింది ఓడ." ముప్పై ఏళ్ల పనివాడికి ముందు లెక్కే తోస్తుంది, మిగిలినవన్నీ ఆ తరవాత. జేబులో చెయ్యిపెట్టి ఒక కొత్త బ్లేడు తీసి నేలమీద పెట్టాడు. కాగితం కూడా విప్పలేదు.

"ఇదేటి?"

"పాన్ కొట్లో కొన్నాను. నువ్వు లోపలుంటావు గదా, తాడు తెగ్గోసేసి, పుచ్చిపోయి తెగిందని బాబుకి చెప్దామనుకున్నాను."

రోజమ్మకి అర్థం కాలేదు. "నీకెలగ తెలుసు అది పొట్టిదని?"

"నాకేటి తెలుసు! పొట్టిదో పొడుగో నాకు తెల్దు. అదే గదా నా బాధ." ఆయన మొహం తిప్పుకున్నాడు. "ఆ పొద్దున్న నేను తాడు కొలవలేదు రోజమ్మా."

"బైబిలు మీద..."

"ఆఁ. బైబిలు మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పేను. జెట్టీ పలకంతా నూనె, బొగ్గు. తాడేమో నువ్వు అంత తెల్లగా ఉతికిచ్చేవు. దాన్ని తీసుకెళ్లి ఆ మురికిలో పరచడానికి నాకు చెయ్యి రాలేదు. సరంగుకీ ఖలాసీలకీ చూపించుకున్నాను, మా ఇంటిదాని పని చూడండని. ఒక్క రోజుకి ఏటౌతుందిలే అనుకున్నాను. పరచుంటే అక్కడే తెలిసిపోను. నువ్వు ఉతకడం తప్పు కాదు. కొలవకపోవడం నా తప్పు. కొలిచేనని చెప్పడం ఇంకా తప్పు."

రోజమ్మకి ముందొచ్చింది ఊరట కాదు, కోపం. ఒళ్లు మండిపోయింది. "పన్నెండేళ్లు! పన్నెండేళ్లు నేను కుమిలి చచ్చేను. ఒక్కనాడు, ఒక్కనాడైనా, కొలవలేదే అని నాతో అనకపోయేవు?"

"నువ్వన్నావేటి?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. కింద సందులో ఊరేగింపు నినాదాలు దూరమైపోతున్నాయి. యేసురత్నం ఆవిడ ఒళ్లోంచి తోలుముక్క తీసి అందించాడు.

"కుట్టేయి. ఎక్కడున్నది అక్కడే కుట్టు. పాత కన్నాల్లోంచే పోనీ."

ఆవిడ కుట్టింది. కళ్లు సరిగా కనబడక దారం రెండుసార్లు తప్పింది. రెండోసారి ఆయనే ఎక్కించి ఇచ్చాడు.

పట్టాభి చేతిలో సందేశ్ మిఠాయి పొట్లంతో, చెమటలు కక్కుతూ వచ్చాడు. "రోడ్డంతా జనం! ఏమండీ, నానిందా?" అంటూ చొక్కా చేతులు మడిచి తనే తాడు వరండాలో పరిచాడు. ఒక కొస యేసురత్నం పట్టుకున్నాడు. పట్టాభి టేపు పరిచి, వంగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇంకొంచెం లాగండి" అన్నాడు.

"ఇంక రాదు బాబూ."

"అయితే మనం టేపు సరిగ్గా పరవలేదేమో. లేకపోతే ఇన్నేళ్లు గోదాములో..." పట్టాభి పాపం చూపు ఎటు తిప్పాలో తెలియక టేపు చుట్టడం మొదలుపెట్టాడు.

"తాడు పొట్టిది బాబూ" అన్నాడు యేసురత్నం. "ఆ రోజూ పొట్టిదే. ఆ పొద్దున్న నేను కొలవలేదు. కొలిచేనని అబద్ధం చెప్పేను."

"నేను మరిగే నీళ్లలో ఉతికేను బాబూ, గంజి పెట్టేను. అందుకే పొట్టిదైంది" అంది రోజమ్మ.

పట్టాభి ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. మంచిపని చెయ్యబోయి కొంప ముంచానా అని ఆయనకి భయం వేసినట్టుంది. ఆయన దగ్గరున్న ప్రతి వస్తువుకీ ఒక అట్ట మీద ఎక్కడిది, ఎవరిది, ఎలా దొరికింది అని ముత్యాల్లాంటి అక్షరాల్తో రాసి కడతాడు. "ఇది నేను ఎక్కడా రాయనండీ. మీ తాడు మీకే ఇచ్చేస్తాను. నేనసలు ఇవాళ రాలేదనుకోండి" అన్నాడు.

"తీసుకెళ్లండి బాబూ. రాయండి" అన్నాడు యేసురత్నం. "రెండు బారల దగ్గర ఎనిమిదంగుళాలు తక్కువ అని రాయండి. లేపోతే రేపెవరో ఇది చూసి సరైన తాడనుకుంటారు. పనిముట్టుకి తప్పుంటే ఎంత తప్పుందో దానిమీద ఉండాలి. మాకు అలాగే నేర్పేరు."

పట్టాభి అట్టముక్క తీసి, కుర్చీ చెయ్యి మీద పెట్టుకుని రాశాడు. కొలత రాశాడు, ఓడ పేరు రాశాడు, లోతు చూసినవాడు యేసురత్నం అని రాశాడు. రోజమ్మ పేరు రాయాలా వద్దా అని కలం ఆపితే, "రాయండి, గుర్తులు కుట్టింది నేనే గదా" అంది ఆవిడ. సందేశ్ ముగ్గురూ తిన్నారు. వెళ్లేటప్పుడు పట్టాభి ఎప్పుడూ లేనిది యేసురత్నం చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. ఒకటో తారీకున రండి అని మాత్రం చెప్పి గోనెసంచితో మెట్లు దిగాడు.

ఎండ వరండా దాటి గోడెక్కింది. రోజమ్మ తాడు వదిలిన తడి తుడిచి వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. ఒక మాట అడక్కుండా ఉండలేకపోయింది.

"మరి బల్ల దగ్గర్నించి లేచి ఎళ్లిపోతావు గదా మావా. దేవుడి మీద అలిగేవనుకున్నాను. నా వల్లే అలిగేవని ప్రతి నెలా ఏడుస్తూ రొట్టె తీసుకునేదాన్ని."

"అలగడానికి నాకేటి మొహం ఉన్నాది? ఆయన పుస్తకం మీద అబద్ధం చెప్పిన చేత్తో ఆయన రొట్టె ఎలగ ముట్టుకుంటాను? అందుకే బయట మెట్టు మీద కూకునేవాణ్ని. లోపల పాట వినబడేది. నీ గొంతు నాకు తెలిసిపోయేది. పోనీలే, మా ఇంట్లో ఒక్క మనిషైనా ఏ మచ్చా లేకుండా లోపలున్నాది అనుకుని, బయట కూకుని సంతోషపడేవాణ్ని."

రోజమ్మ లెక్కవేసుకుంది. నూట నలభై ఆదివారాలు ఆయన అక్కడ కూర్చుని తన గురించి అలా అనుకున్నాడు. తను లోపల, చెప్పని తప్పు కొంగున కట్టుకుని, చెయ్యి చాపింది. ఇంతమంచి మాట తన గురించి ఎవరూ ఎన్నడూ అనలేదు, అది నిజం కాకుండా పోయింది. ఏడుపాపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు. యేసురత్నం ఆవిడ వీపు మీద చెయ్యేసి ఊరుకున్నాడు.

"రేపు మొదటి ఆదివారం" అంది చివరికి. "నేనూ నీతో బయటే కూకుంటాను. ఆరాధన అయ్యేక అయ్యగారికి ఇద్దరం చెప్దాం. ఆయన రమ్మంటే అప్పుడెళ్దాం లోపలికి, ఇద్దరం."

"ఆ మెట్టు ఇరుకు" అన్నాడు యేసురత్నం. "ఇద్దరికి చాలదేమో."

"సర్దుకుందాం" అంది రోజమ్మ.